సరస్సు ఒడ్డు, అడవి దారి నడకకు బయల్దేరే ముందు

ఎండలు తగ్గాక నడకలకు వెళ్లేవాళ్లు, సులువైన దారే కదా అని వదిలేసే సంగతులు ఇవి.

– ఎన్నింటికి వెనక్కి తిరగాలో ముందే అనుకోండి. సరస్సు చుట్టూ వెళ్లే దారిలో సగానికి చేరాక ముందుకెళ్లినా వెనక్కొచ్చినా ఒకటే దూరం, మధ్యలో నీళ్లు కాబట్టి అడ్డదారి ఉండదు. పైగా చెట్ల కింద చీకటి ముందే పడుతుంది. లెక్కకు నేయిస్మిత్ సూత్రం చాలు: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. పిల్లలుంటే ఇదీ అత్యాశే.

– మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్ లేకపోతే ఖాళీ తెర మీద నీలం చుక్క ఒక్కటే మిగులుతుంది.

– ఒడ్డున నీళ్లు పచ్చ పెయింట్ ఒలికినట్టుంటే తాకకండి, కుక్కను అసలు దిగనివ్వకండి. ఆ నాచులో విషం ఉండొచ్చు, మరిగించినా పోదు.

– ఫుల్ ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లోకి దోపండి. గడ్డిలో పిడుదులుంటాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో చూసుకోండి. కరిచి ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నూనె, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు.

– ఉరుము వినబడితే నీటి ఒడ్డు వదలండి, ఒంటరి చెట్టు కిందా నిలబడకండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

– జీన్స్ వద్దు. తడిస్తే ఓ పట్టాన ఆరవు.