స్పీడోమీటర్ ముల్లు లేవట్లేదా? మీటరు మార్చే ముందు ఇది చూడండి

పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో ముల్లు పడిపోతే చాలామంది నేరుగా మీటరు మీద పడతారు. నేనూ ఓసారి అలాగే డబ్బులు తగలేశాను. మీటరుకు చలనం వచ్చేది ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి, అంటే ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె నుంచి. వెనక షాఫ్ట్ మీదున్న గేరు ఒక చిన్న పిన్యన్‌ని (పళ్ల చక్రాన్ని) తిప్పుతుంది, అది కేబుల్‌ని తిప్పుతుంది. తప్పు ఈ మూడింట్లో ఎక్కడైనా ఉండొచ్చు.

కింద ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర కేబుల్ నట్టు విప్పండి. లోపలి తీగ చివరను డ్రిల్ మిషన్‌కి బిగించి మెల్లగా తిప్పండి. ముల్లు వెనక్కి లాగితే దిశ మార్చండి. ముల్లు లేచిందా, మీటరూ కేబులూ బాగున్నట్టే, పిన్యన్ పళ్లు అరిగి ఉంటాయి. లేవకపోతే తీగ పైకి లాగి చూడండి, సగం చేతికొస్తే తెగినట్టు.

ముల్లు ఆగకుండా ఊగుతుంటే మాత్రం తీగ ఎండిపోయిందనో, కేబుల్ ఎక్కడో బాగా వంగిందనో అర్థం. కిరసనాయిలుతో కడిగి, పల్చగా గ్రీజు రాయండి. మీటరు వైపు ఆఖరి జానెడు మాత్రం వదిలేయండి, లేదంటే గ్రీజు మీటర్లోకి పాకుతుంది.

కొత్త పిన్యన్ కొనేటప్పుడు పాతది జేబులో వేసుకెళ్లి పళ్లు లెక్కపెట్టండి. ఒక్క పన్ను ఎక్కువైనా మీటరు తక్కువ చూపిస్తుంది. దాని సీలు కూడా అప్పుడే మార్చేయండి, అది పోతేనే ఆయిల్ కేబుల్ వెంట పైకెక్కేది.