మూడో పాఠం: నానబెట్టడం వేరు, నాన్చడం వేరు

పోయిన పాఠంలో మిమ్మల్ని వేధిస్తున్న సమస్యను ఒక్క వాక్యంలో, చివర ప్రశ్నార్థకం పెట్టి రాయమన్నాను. రాయలేదా? అయితే ఇక్కడే ఆగి, రాసి రండి. ఆ వాక్యం లేకుండా ఈ పాఠం చదవడమంటే పప్పు పోయకుండా నీళ్లు నానబెట్టడమే.

గారెలకు మినప్పప్పు నానబోసేవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే. గిన్నె పక్కనే నిలబడి చూస్తుంటే పప్పు త్వరగా నానదు. అలాగని మర్చిపోయి వదిలేస్తే గారెలు నూనె తాగుతాయి. మనకు తెలియకుండా లోపల పనిచేసే అచేతన మనసుకు పని అప్పగించడమూ ఇంతే. సమస్యను నానబెట్టేవాడు ముందే పప్పు కొలిచి పోస్తాడు, ఎన్నింటికి రుబ్బాలో కూడా అనుకుంటాడు. నాన్చేవాడు ఈ రెండూ చేయడు. బయటికి మాత్రం ఇద్దరూ ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తారు!

ఫ్రెంచి గణితవేత్త ఆన్రీ పాంకరే ఒక లెక్కతో రోజుల తరబడి కుస్తీ పట్టి, దాన్ని పక్కన పెట్టి ప్రయాణం కట్టాడు. దారిలో బండి మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో కీలకమైన ఆలోచన తట్టింది. ఈ కథ చెప్పేవాళ్లు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతారు. తర్వాత ఆయన తీరిగ్గా కూర్చుని దాన్ని సరిచూసుకున్నాడు. 1926లో ఇంగ్లండు పండితుడు గ్రాహం వాలస్ ఈ దారిని నాలుగు దశలుగా చెప్పాడు: సిద్ధపడటం, పొదగడం, మెరుపు, సరిచూడటం. అందరూ మూడోదాని కోసం ఎదురుచూస్తారు. మన చేతిలో ఉన్నవి మొదటిది, నాలుగోది.

నా సంగతే చెబుతాను. హైదరాబాద్ నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్‌కు నేను సెక్రటరీని. నలభై రెండు ఫ్లాట్లు, రెండు బ్లాకులు. ఒక ఎండాకాలం బోరు ఎండిపోయింది, వారానికి తొమ్మిది ట్యాంకర్లు. ఎవరెంత కట్టాలని ప్రతి మీటింగులో గొడవ. నేను రాసుకున్న వాక్యం మాత్రం వేరు: ‘నీళ్లు ఎటు పోతున్నాయి?’ రెండు సాయంత్రాలు ట్యాంకర్ బిల్లులు, వాచ్‌మన్ నోటుబుక్కు, ఏ ఫ్లాట్లో ఎంతమంది ఉన్నారన్న లిస్టు ముందేసుకుని కూర్చున్నాను.

మర్నాడు స్నానం చేస్తుంటే మెరిసింది: బీ బ్లాకు మూడో అంతస్తులో ఉండే బ్యాచిలర్లు! ఇంకేముంది, వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. తీరా చూస్తే ఆ కుర్రాళ్లు నెల నుంచీ సొంతూళ్లలో ఉండి పని చేసుకుంటున్నారు. అదే గ్రూపులో అందరి ముందూ సారీ చెప్పాను. అది మెరుపు కాదు, ఎప్పటినుంచో నాలో ఉన్న చిరాకు. కోపంతో పాటు, ఒక మనిషి పేరు మోసుకుని వచ్చే ఆలోచనను నేను ఇప్పుడు ఒక రోజు ఆపుతాను.

అసలుది నాలుగు రోజులకు వచ్చింది. మెట్రోలో మూసాపేట దాటాక, కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి చెవిలో రేకుల మీద నీళ్లు పడుతున్న చప్పుడు. పొద్దున్నే వాకింగుకు వెళ్తూ బీ బ్లాకు వెనక రోజూ వింటున్నదే, ఏసీ నీళ్లేలే అనుకున్నాను. ఐదింటికి అన్ని నీళ్లు కార్చే ఏసీ ఏముంటుంది?

వరసగా మూడు రోజులు ఐదింటికే డాబా ఎక్కాను. వాచ్‌మన్ మోటారు వేసి పాల ప్యాకెట్లు పంచడానికి వెళ్తున్నాడు. పైన ట్యాంకు నిండిపోయి గొట్టంలోంచి పొర్లుతోంది. వాచీ పట్టుకుని చూస్తే పద్దెనిమిది నిమిషాలు, ఇరవై ఐదు, ఇరవై. మోటారు దానంతటదే ఆగే పరికరం పెట్టించాక ట్యాంకర్లు ఆరుకు దిగాయి. ఎవరెంత కట్టాలన్న గొడవ అలాగే ఉంది. అది వేరే వాక్యం.

మరి ఎవరి అంతరంగాన్ని నమ్మాలి? మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ ఇంట్యూషన్ గురించి, అంటే ఆలోచించకుండానే లోపల తట్టే మాట గురించి, ఎదురెదురు వాదనలున్నవాళ్లు. 2009లో కలిసి రాసిన వ్యాసంలో ఒక మాట మీదకు వచ్చారు: ఆ రంగంలో ఒక క్రమం ఉండాలి, తప్పొప్పులు తెలుసుకుంటూ నేర్చుకునే అవకాశమూ ఉండాలి. మా వాచ్‌మన్ మోటారు చప్పుడు విని సంపులో నీళ్లు అయిపోయాయని చెప్పేస్తాడు, నమ్ముతాను. వచ్చే ఏడాది ఫ్లాట్ల రేట్లు అతను చెబితే నవ్వి ఊరుకుంటాను, నేను చెప్పినా అంతే.

అసలు ఆలోచించకుండా వదిలేస్తేనే చిక్కు నిర్ణయాలు బాగా వస్తాయని 2006లో ఒక పరిశోధన పెద్ద సంచలనం చేసింది. 2015లో ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. విరామం మాత్రం వట్టిది కాదు. 2009లో 117 అధ్యయనాలను కలిపి చూస్తే, ముందు ఎక్కువసేపు కుస్తీ పట్టినప్పుడు విరామం ఎక్కువ ఫలించినట్టు తేలింది. మాటల పజిళ్లలోనైతే ఆ మధ్యలో తేలికైన పని చేసినవాళ్లకు ఎక్కువ కలిసొచ్చింది. అంటే గిన్నెలు తోమండి, బట్టలు మడతపెట్టండి, ట్యాంక్‌బండ్ మీద నడవండి. రీల్స్ చూడటం విరామం కాదు, ఒక పప్పు నానుతుంటే అందులో ఇంకో పది రకాలు పోయడమే.

ఈ వారం పని ఇదీ. మీ వాక్యానికి సంబంధించిన కాగితాలతో రెండు సాయంత్రాలు నలభై నిమిషాల చొప్పున కూర్చోండి. ‘శనివారం ఏడింటికి మళ్లీ చూస్తాను’ అని వాక్యం కింద రాసి కాగితం మడిచేయండి. మధ్యలో ఏది తట్టినా చిన్న పుస్తకంలో వేళతో సహా రాసుకోండి, ఎవరికీ చెప్పొద్దు. టీమును నడిపేవాళ్లయితే ప్రశ్నను, కాగితాలను మీటింగుకు ముందు రోజే పంపండి. మాట్లాడే ముందు తలా రెండు వాక్యాలు రాయమనండి. మేనేజరు చివర మాట్లాడాలి. ఇది మాత్రం చాలామందికి చేతకాదు.

శనివారం దాకా ఏమీ తట్టకపోతే? ఆ ఖాళీ పుస్తకమే పట్టుకుని రండి. నాలుగో పాఠం దానితోనే మొదలవుతుంది.