కుక్కపిల్ల, ఇంటి పిల్లి: 3వ పాఠం – జాలీ తలుపు దగ్గర తొలి చూపు

గత పాఠంలో తువ్వాళ్లు అటూ ఇటూ మార్చి వాసన అలవాటు చేశాం. కుక్కపిల్ల వాసన ఉన్న గుడ్డ పక్కనే పిల్లి తన గిన్నె ఖాళీ చేస్తోందంటే ఈ పాఠానికి రావచ్చు. ఇంకా బుస కొడుతుంటే మరో రెండు రోజులు అక్కడే ఆగండి.

ఇప్పుడు ఒకదానికొకటి కనిపించాలి, అందకూడదు. మన ఇళ్లలో దోమల జాలీ తలుపు దీనికి బాగా పనికొస్తుంది. ఇనుప గ్రిల్ అయితే అడుగున అట్ట కట్టండి. సందులోంచి కుక్కపిల్ల మూతి పెట్టిందంటే పిల్లి పంజా కంటికే తగలొచ్చు. పిల్లి వైపు అటక మీదికో, బీరువా మీదికో ఎక్కే దారి ఉండాలి. పిల్లిని ఎత్తుకొచ్చి మాత్రం చూపించకండి. వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

కుక్కపిల్లను ముందు ఆడించి, పాస్‌కి తీసుకెళ్లి, కాస్త అలిశాక తీసుకురండి. మెడపట్టీ వద్దు, ఛాతీకి వేసే బెల్టు, దానికి 2 మీటర్ల తాడు. తలుపుకు 8 అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం శనగగింజంత ముక్కలు ఓ 20 చేతిలో ఉంచుకోండి.

అసలు పని ఇక్కడుంది. కుక్కపిల్ల పిల్లిని చూడగానే ఒకటి, రెండు అనుకుని పేరు పెట్టి పిలవండి. తల మీవైపు తిరిగిందో లేదో, ముక్క నోట్లో పడాలి. చూడటం తప్పేమీ కాదు; చూసి వదిలేయడం దానికి రావాలి. నోరు తెరిచి, ఒళ్లు వదులుగా ఊపుకుంటుంటే ఫరవాలేదు. నోరు మూసి, చెవులు నిక్కించి, కట్టెలా బిగుసుకుని చూస్తోందంటే ఇక పిలిచినా వినదు. అరవకండి, తాడు గుంజకండి. గుంజితే పిల్లి కనబడ్డప్పుడల్లా తనకు నొప్పే అన్న లెక్క దాని బుర్రలో పడుతుంది. మీరే లేచి నాలుగడుగులు వెనక్కి నడిపించి, మళ్లీ పిలవండి.

పిల్లి బుస కొడితే తిట్టకండి. దగ్గరికి రావద్దని ముందుగా చెప్పడమే అది. ఆ చెప్పడం మానిపిస్తే తర్వాత నేరుగా పంజాయే. తోక ఉబ్బి, చెవులు తలకు అణిగితే మాత్రం తలుపు మీద దుప్పటి వేసి ఆ పూటకి ముగించండి.

ఒక్కోసారి 5 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు. బాగానే ఉన్నాయి కదా అని పొడిగించే దగ్గరే ఎక్కువగా పని చెడుతుంది. కుక్కపిల్ల విసుగొచ్చి మొరుగుతుంది, పిల్లికి గుర్తుండేది ఆ మొరుగే.

పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే పశువైద్యుడికి చూపించండి. తిండి మానేసిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకోవచ్చు, అది ప్రాణం మీదికి తేవచ్చు. ఇంకోటి, కుక్కపిల్ల వీపు మీద వేసే పిడుదుల మందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉందేమో చూడండి. పిల్లికి అది విషం. నాకినా, ఒరుసుకున్నా ప్రమాదమే.

8 అడుగుల నుంచి కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతూ రండి. చివరికి తలుపుకు 3 అడుగుల దూరంలో, పిలవకుండానే, కుక్కపిల్ల పిల్లిని చూసి తనంతట తాను మీవైపు తిరగాలి. వరుసగా మూడు రోజులు అలా జరిగితే 4వ పాఠానికి రండి: ఒకే గదిలో, తాడు వదలకుండా.