రిమోట్ నొక్కితే గీత పడుతోంది, కోడ్ మాత్రం రావట్లేదా? ఎస్‌డీఆర్ సమస్యలు - పరిష్కారాలు

అనంతపురం చుట్టుపక్కల బోరు మోటార్లకు రిమోట్ స్టార్టర్లు పెట్టుకోవడం ఇప్పుడు మామూలే. ఆ రిమోట్ గాల్లోకి ఏం పంపుతోందో చూద్దామని ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించి కంప్యూటర్లో రేడియో సిగ్నళ్లు చూసే చిన్న రిసీవర్) కొన్నవాళ్లు, కోడ్ రాకపోగానే "ఎన్‌క్రిప్షన్ ఉందేమో" అని చేతులెత్తేస్తారు. నేనైతే ముందు గెయిన్‌ను (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్), ఫ్రీక్వెన్సీని అనుమానిస్తాను. ఎన్‌క్రిప్షన్ (కోడ్‌ను ఇతరులకు అర్థం కాకుండా దాచడం) మాట చివర్లో. మీ సొంత రిమోట్ మీదే చేయండి, పక్క చేను స్టార్టర్ జోలికి పోవద్దు.

సమస్య: డాంగిల్ పెట్టినా సాఫ్ట్‌వేర్‌కు కనబడటం లేదు

ఇందులోని ఆర్‌టీఎల్2832యూ చిప్‌ను డిజిటల్ టీవీ కోసం చేశారు, అందుకే కంప్యూటర్ దాన్ని టీవీ ట్యూనర్ అనుకుని ఆ డ్రైవరే ఎక్కిస్తుంది. విండోస్‌లో జాడిగ్ అనే డ్రైవర్లు మార్చే సాఫ్ట్‌వేర్‌తో విన్‌యూఎస్‌బీ డ్రైవర్ వేయండి, లినక్స్‌లో టీవీ మాడ్యూల్ ఎక్కకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టండి. తర్వాత 101.7 మెగాహెర్ట్జ్‌లో ఆకాశవాణి అనంతపురం పెట్టి చూడండి. పాట స్పష్టంగా వినబడితే డాంగిల్‌కు ఏ రోగమూ లేదు.

సమస్య: బటన్ నొక్కినా వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లను గీతలుగా చూపే తెరలో) ఏమీ కదలడం లేదు

ముందు స్టార్టర్‌లో సిమ్ ఉందేమో చూడండి. ఉంటే అది ఫోన్ నెట్‌వర్క్ మీద నడిచేది, ఈ దారిలో దొరకదు. సిమ్ లేకపోతే రిమోట్ వెనక మూత తీయండి. గుండ్రటి లోహపు డబ్బీ మీద ఆర్433 అనో ఆర్315 అనో ఉంటే అదే ఫ్రీక్వెన్సీ. 13.56 అని రాసిన క్రిస్టల్ కనబడితే దాన్ని 32తో హెచ్చవేయండి, 433.92 వస్తుంది. రెండూ కాకపోతే 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య వెతకండి, మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్లలో అదీ ఒకటి.

అప్పటికీ రాకపోతే సిగ్నల్ కాస్త పక్కకు జరిగి ఉంటుంది. చవక డాంగిల్‌లో 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తేడా ఉంటే 433.92 దగ్గర అది దాదాపు 22 కిలోహెర్ట్జ్, పైగా మన ఎండాకాలంలో మిద్దె మీద పెడితే వేడెక్కి ఇంకా జరుగుతుంది. రిమోట్‌లోనూ అంతకు మించిన తేడా ఉండొచ్చు కాబట్టి గురి పెట్టినట్టు ఒక్కచోటే చూడకుండా అటు ఇటు వంద కిలోహెర్ట్జ్ వెడల్పుగా చూడండి. 433కు యాంటెన్నా పొడవు 17 సెంటీమీటర్లు చాలు.

సమస్య: ఒకే సిగ్నల్ నాలుగైదు చోట్ల కనబడుతోంది, పల్సులు (సిగ్నల్ వెలిగి ఆరే తునకలు) పైన కోసేసినట్టు ఉన్నాయి

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. గెయిన్ ఆటోలో వదిలేసి, రిమోట్‌ను యాంటెన్నా పక్కనే పెట్టి నొక్కుతారు. డాంగిల్ లోపల ఉన్నది 8 బిట్ల కన్వర్టర్, చెవి దగ్గర డప్పు కొడితే మాట ఏం అర్థమవుతుంది? నిండిపోయి, లేని సిగ్నళ్లను కూడా చూపిస్తుంది. ఆటో తీసేయండి, గెయిన్ సగానికి దించండి, రిమోట్ పట్టుకుని గదిలో ఆ మూలకు వెళ్లి నొక్కండి. ఏది అసలుదో తేలకపోతే గెయిన్ ఇంకో మెట్టు దించండి: దయ్యపు గీతలు గబుక్కున మాయమవుతాయి, అసలుది మాత్రం కొంచెమే తగ్గుతుంది. గీత ఎంత మెరిస్తే అంత మంచిదనుకోవద్దు, పల్సు అంచులు నిటారుగా ఉన్నాయా లేదా అన్నదే చూడాలి.

సమస్య: పగలంతా గోల, రాత్రికి శుభ్రం

మధ్యాహ్నం పెరిగి పొద్దు గూకితే పోయే రేడియో గోల (అక్కర్లేని సిగ్నళ్లు) అయితే దగ్గర్లోని సోలార్ పంపు కంట్రోలర్‌ను అనుమానించండి. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, డాంగిల్‌ను యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టి ఆ వైరుకు గోలను తగ్గించే ఫెరైట్ పూస తొడగండి.

సమస్య: పల్సులు బాగున్నాయి, నొక్కిన ప్రతిసారీ బిట్లు మారుతున్నాయి

ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ మాట ఎత్తొచ్చు, కానీ ఇక్కడా తొందర వద్దు. మొదట బిట్లు ఎక్కడ మొదలవుతున్నాయో చూడండి. రిమోట్లలో ఉండే ఈవీ1527 లాంటి చిప్‌లో ఒక చిన్న పల్సు, దాని తర్వాత అంతకు 31 రెట్ల ఖాళీ వస్తుంది, అక్కడి నుంచి 24 బిట్లు లెక్కపెట్టాలి. చిన్న పల్సు తర్వాత మూడు రెట్ల ఖాళీ వస్తే 0, పొడవు పల్సు తర్వాత చిన్న ఖాళీ వస్తే 1. మొదటి 20 బిట్లు రిమోట్ గుర్తు, మిగతా 4 బటన్లు. మధ్యలోంచి లెక్కపెడితే ప్రతిసారీ వేరే కోడ్‌లాగే ఉంటుంది. బిట్లను జతలుగా విడదీస్తే 00, 11, 01 తప్ప 10 ఎక్కడా రాకపోతే అది పీటీ2262 రకం చిప్ కావడానికే అవకాశం ఎక్కువ.

మొదలు సరిగ్గా పట్టుకున్నా మారుతోందా? 66 బిట్లు వచ్చి అందులో 32 మారుతూ మిగతావి దాదాపు అలాగే ఉంటే అది హెచ్‌సీఎస్301 లాంటి చిప్ పంపే రోలింగ్ కోడ్, అంటే నొక్కిన ప్రతిసారీ మారేది. పాత రికార్డింగ్ మళ్లీ పంపినా రిసీవర్ తీసుకోదు. బటన్ పట్టుకుని ఉంచితే ఒకే కోడ్ మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఫిక్స్‌డ్ కోడ్ అని పొరబడొద్దు, వదిలి మళ్లీ నొక్కి పోల్చండి. ఫిక్స్‌డ్ కోడే అని తేలితే మాత్రం దాన్ని రికార్డు చేసినవాడెవడైనా మీ మోటారు ఆన్ చేయగలడు. నీళ్లు లేని బోరులో మోటారు తిరిగితే కాలిపోయేది మీ డబ్బే, రిసీవర్ మార్చుకోండి.

సమస్య: నిలువు గీతలు కాదు, ఏటవాలు గీతలు

అది లోరా, తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పంపే రేడియో పద్ధతి. తరచుగా 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో కనబడుతుంది. పల్సులు కొలిచే సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టొద్దు, గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఉన్న లోరా బ్లాకులు వాడండి.