గెస్ట్‌ని రీస్టార్ట్ చేస్తే ప్యాచ్ ఎక్కదు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల లినక్స్ నేర్పే చోట్ల వెనక గదిలో ఒక సర్వర్, దాని మీద కేవీఎంతో (ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషిన్లు నడిపే లినక్స్ సదుపాయం) స్టూడెంట్‌కి ఒకటి చొప్పున వర్చువల్ మెషిన్లు, లోపల అన్ని అధికారాలూ ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ కూడా వాళ్ళ చేతికే. నేర్చుకోవాలంటే ఇవ్వాల్సిందే. కానీ గెస్ట్‌లో, అంటే ఆ వర్చువల్ మెషిన్‌లో, రూట్ ఉన్నవాడు గోడ దూకి హోస్ట్‌లోకి, అంటే అసలు సర్వర్‌లోకి, వచ్చే లోపం బయటపడిన రోజు ఆ సర్వర్ మీ బాధ్యత అయితే, ఇది చదవండి.

2015 మేలో వెనమ్ అనే లోపం బయటపడింది, గెస్ట్‌లని నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రామ్‌లో ఫ్లాపీ డ్రైవ్‌ని అనుకరించే కంట్రోలర్ కోడ్‌లో. 512 బైట్ల బఫర్ (డేటాకి కేటాయించిన మెమరీ) దాటి డేటా రాసేయొచ్చు. ఆ తప్పు 2004 నుంచీ అందులోనే ఉంది, అదే కోడ్ వాడుకున్న జెన్, కేవీఎం, వర్చువల్‌బాక్స్ లాంటి వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్లన్నిటికీ తగిలింది, వీఎంవేర్‌కీ హైపర్-వీకీ తగల్లేదు. "మేం ఫ్లాపీ వాడం కదా" అంటే కుదరదు, మీరు డ్రైవ్ పెట్టకపోయినా కంట్రోలర్ కోడ్ అక్కడే ఉంటుంది.

ముందు మీ డిస్ట్రో (మీరు వాడే లినక్స్ రకం) వాళ్ళు ఇచ్చిన సెక్యూరిటీ నోటీసులో సరిచేసిన ప్యాకేజీ నంబర్ చూసుకోండి. రెడ్ హ్యాట్ లాంటివాళ్ళు చాలాసార్లు అసలు వెర్షన్ మార్చరు, పాతదానికే మరమ్మతు చేసి చివరి రిలీజ్ నంబర్ పెంచుతారు, కాబట్టి ఆ చివరి అంకెల దాకా పోల్చండి. తర్వాత ప్యాకేజీలు ఎక్కించే కమాండ్ యమ్‌తోనో ఆప్ట్‌తోనో అప్‌డేట్ చేయండి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ ఒక చోట ఇలాగే చేశాను: అప్‌డేట్ అయింది, గెస్ట్‌లలో లాగిన్ అయి ఒక్కోటీ రీబూట్ చేశాను, పని అయిపోయిందనుకున్నాను, మూడు వారాల తర్వాత చూస్తే అన్నీ పాత కోడ్ మీదే నడుస్తున్నాయి. హోస్ట్ లెక్కలో ఒక్కో గెస్ట్ ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ఒక క్యూఈఎంయూ ప్రోగ్రామ్, లోపల రీబూట్ చేస్తే ఆ ప్రాసెస్ చావదు, అప్పటికే మెమరీలో ఉన్న పాత ప్రోగ్రామ్ అలాగే కొనసాగుతుంది. అందుకని హోస్ట్ నుంచి గెస్ట్‌లని ఆపి నడిపే వర్ట్-మేనేజర్‌లో గెస్ట్‌ని షట్‌డౌన్ చేసి, పూర్తిగా ఆగిందని చూపించాకే మళ్ళీ స్టార్ట్ చేయండి. తర్వాత పీఎస్ కమాండ్‌తో ప్రతి క్యూఈఎంయూ ప్రాసెస్ ఎప్పుడు మొదలైందో చూడండి, అప్‌డేట్ కంటే ముందు టైమ్ ఉంటే అది పాతదే.

పొద్దున బ్యాచ్‌కీ సాయంత్రం బ్యాచ్‌కీ మధ్య ఖాళీలో ఈ పని పెట్టుకోండి, ముందురోజే వాట్సాప్ గ్రూప్‌లో చెప్పండి, పిల్లల ప్రాక్టీస్ పోతే వాళ్ళకి నిజంగా నష్టం. షేర్డ్ స్టోరేజ్‌తో రెండు సర్వర్లుంటే ఇంకా హాయి, ఒకదాన్ని ముందు ప్యాచ్ చేసి గెస్ట్‌లని లైవ్ మైగ్రేషన్‌తో (ఆపకుండానే తరలించే పద్ధతి) దాని మీదకి పంపండి.

ల్యాప్‌టాప్‌లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వాడేవాళ్ళూ వదిలేయొద్దు, 2025 మార్చిలో దానికీ, వీఎంవేర్ వాళ్ళదే సర్వర్లలో వాడే ఈఎస్ఎక్స్ఐకీ ఇలాంటి లోపమే వచ్చింది, ప్యాచ్ వచ్చేసరికే దాడులు జరుగుతున్నాయి. ఆ లోపం పోవాలంటే వర్క్‌స్టేషన్ 17.6.3 గానీ ఆపైది గానీ ఉండాలి.

ఇంకో మాట, ఎస్ఈలినక్స్, అంటే ఏ ప్రోగ్రామ్ ఏ ఫైళ్ళని ముట్టుకోవచ్చో కట్టడి చేసే లినక్స్ రక్షణ. మొదటి రోజు క్లాస్ నోట్స్‌లోనే దాన్ని డిసేబుల్ చేయమని రాయిస్తారు, నాకు అది చూస్తేనే బాధగా ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే గెస్ట్‌లోంచి క్యూఈఎంయూలోకి దూరినవాడు కూడా పక్క గెస్ట్‌ల డిస్క్ ఫైళ్ళని ముట్టుకోవడం చాలా కష్టం. ఇప్పటిదాకా ఆఫ్‌లో ఉంటే నేరుగా ఎన్‌ఫోర్సింగ్ (నిజంగా అడ్డుకునే మోడ్) పెట్టకండి, ముందు పర్మిసివ్‌లో (అడ్డుకోకుండా లాగ్‌లో రాసే మోడ్) బూట్ చేసి ఫైళ్ళన్నీ రీలేబుల్ అవ్వనివ్వండి, అంటే ప్రతి ఫైల్‌కీ ఎస్ఈలినక్స్ గుర్తు పడనివ్వండి, పెద్ద డిస్కులైతే టైమ్ పడుతుంది, ఆదివారం పెట్టుకోండి.