సిస్టమ్ స్లో అయిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

"ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటోంది" అని మా అక్క ఫోన్ చేసింది. అప్పుడు నేను ఊళ్లో లేను. బావగారు లాప్‌టాప్‌ని దగ్గర్లోని ఒక షాపుకి తీసుకెళ్లారు. అక్కడి అబ్బాయి రెండు నిమిషాలు చూసి "ఓఎస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. అంటే డిస్క్ తుడిచేసి విండోస్ కొత్తగా వేయాలని. సాయంత్రానికి లాప్‌టాప్ చకచకా పనిచేస్తూ ఇంటికొచ్చింది. డెస్క్‌టాప్ మీద ఉండాల్సిన "పాప" ఫోల్డర్ మాత్రం లేదు. మా మేనకోడలు పుట్టిన రోజు నుంచి బళ్లో చేరేదాకా తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉండేవి.

మూడు వారాలు తిరక్కుండానే లాప్‌టాప్ మళ్లీ మొదటికొచ్చింది. పాడైంది విండోస్ కాదు, లోపలున్న హార్డ్ డిస్క్. ఫార్మాట్ కొడితే అది బాగుపడదు.

అందుకే ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఫార్మాట్ అన్నిటికంటే చివరి పని. అంతకుముందు సిస్టమ్ ఎక్కడ ఆగిపోతోందో మీ కళ్లతో మీరు చూడండి. దానికి సాఫ్ట్‌వేర్ చదువేమీ అక్కర్లేదు. కింద చెప్పేవన్నీ విండోస్ 10, 11 రెండింటికీ వర్తిస్తాయి.

ముందు మీ ఫైళ్లు బయటికి తీయండి

ఏ రిపేరూ మొదలుపెట్టక ముందే ఒక పెన్‌డ్రైవ్‌లోకో, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో ముఖ్యమైనవి కాపీ చేయండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. సి డ్రైవ్ తెరిచి, యూజర్స్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తే మీ పేరుతో ఇంకో ఫోల్డర్ కనిపిస్తుంది. ఇవన్నీ అందులోనే దొరుకుతాయి. ఫార్మాట్ కొట్టినప్పుడు ముందు పోయేది ఈ ఫోల్డరే.

"నావన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, భయం లేదు" అని చాలామంది ధీమాగా ఉంటారు. సి, డి అని రెండు కనిపించినా చాలా లాప్‌టాప్‌లలో లోపల ఉండేది ఒకటే డిస్క్. ఒకే ఇంట్లో మధ్యన గోడ కట్టి రెండు గదులు చేసుకున్నట్టు. ఆ డిస్క్ పోతే రెండు గదులూ పోతాయి.

కాపీ చేస్తున్నప్పుడు ఏదో ఒక ఫైల్ దగ్గర చాలాసేపు ఆగిపోతుంటే దాన్ని వదిలేసి మిగతావి తీసుకోండి. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్

"రోజూ ఆఫ్ చేస్తూనే ఉన్నాం కదా" అంటారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ విండోస్ లోపలి భాగం ఉన్నది ఉన్నట్టు డిస్క్‌లో దాచుకుని, మర్నాడు దాన్నే తిరిగి తెస్తుంది. పాత తలనొప్పులు కూడా దాంతోపాటే వస్తాయి. రీస్టార్ట్ కొడితేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. ప్రింటర్ పలకకపోవడం, వైఫై కనిపించకపోవడం, సౌండ్ రాకపోవడం లాంటివి చాలావరకు ఈ ఒక్క రీస్టార్ట్‌తోనే సర్దుకుంటాయి.

టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్ 10లో చిన్న పెట్టెలా కనిపిస్తే కింద ఉన్న మోర్ డీటెయిల్స్ నొక్కండి. ప్రాసెసెస్ అనే చోట సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరసలు, వాటి పైన శాతాలు కనిపిస్తాయి.

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే చూడకండి. అప్పుడు ఏ సిస్టమ్ అయినా హడావిడిగానే ఉంటుంది. పది పదిహేను నిమిషాలు ఆగి, బ్రౌజర్ కూడా మూసేసి చూడండి. విండోస్ అప్‌డేట్ పడుతున్న రోజైతే ఇంకాస్త ఓపిక పట్టాలి. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అనే పేరు పైన కనిపిస్తే కంగారు పడకండి. అది విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్, తన పని తాను చేసుకుంటోంది.

అన్నీ మూసేశాక కూడా ఏ వరస ఎక్కువగా ఉందో, మీ సమస్య అక్కడ ఉంది.

డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే

పాత లాప్‌టాప్‌లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. కాబట్టి ఇక్కడ నిదానంగా చూద్దాం.

టాస్క్ మేనేజర్‌లోనే పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి డిస్క్ 0 మీద నొక్కండి. పేరు కింద హెచ్‌డీడీ అనో, ఎస్‌ఎస్‌డీ అనో రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అంటే లోపల పళ్లెం తిరిగే పాత రకం హార్డ్ డిస్క్. లాప్‌టాప్‌లలో వచ్చేవి ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. ఒక్కో చిన్న ఫైల్ కోసం దాని ముల్లు అటూ ఇటూ జరగాలి. ఇప్పటి విండోస్ ఒకేసారి వందల చిన్న ఫైళ్లు అడుగుతుంది. పాపం ఆ ముల్లు ఎన్ని చోట్లకని పరిగెడుతుంది? ఎస్‌ఎస్‌డీలో తిరిగేవి, జరిగేవి ఏవీ ఉండవు కాబట్టి ఆ తిప్పలు లేవు.

ఇప్పుడు అదే పేజీలో యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అనే అంకె చూడండి. అడిగింది ఇవ్వడానికి డిస్క్ ఎంతసేపు తీసుకుంటోందో అది చెబుతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే మామూలుగా ఒకటి రెండు మిల్లీసెకన్లు, అంతకంటే తక్కువ కూడా. మంచి హార్డ్ డిస్క్ అయితే పది, ఇరవై. మా అక్క లాప్‌టాప్‌లో ఆ అంకె 900 దాటి 3000 దాకా వెళ్లింది. యాక్టివ్ టైమ్ 100 శాతం అని ఉంది, కింద చదివే వేగం మాత్రం సెకనుకు అర ఎంబీ కూడా లేదు. పైన పచ్చ గీత నిండుగా ఉండి పని జరగకపోవడమంటే, చాలాసార్లు డిస్క్ ఒకే చోటును చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట. చెవి దగ్గర పెట్టి వింటే టిక్, టిక్ అని చిన్న చప్పుడు కూడా వచ్చింది.

మీకూ ఆ అనుమానం ఉంటే ఇంకో సాక్ష్యం చూడొచ్చు. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. ఎడమ పక్క విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. ఎర్ర గుర్తుతో, సోర్స్ దగ్గర డిస్క్ అని, ఈవెంట్ ఐడీ 7 అని కనిపిస్తే డిస్క్‌లో బ్యాడ్ బ్లాక్, అంటే పాడైపోయిన చోటు, ఉందని విండోస్ స్వయంగా రాసిపెట్టినట్టే. కాపీ చేసేటప్పుడు ఫైళ్లు ఆగిపోయిన చోటు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. రెండూ కలిస్తే ఇక సందేహం అక్కర్లేదు, డిస్క్ మార్చాల్సిందే. ఫైళ్లు బయటికి తీసేదాకా దాని మీద చెక్ డిస్క్ లాంటి, డిస్క్ తప్పులు వెతికి సరిచేసే ప్రోగ్రాములు నడపకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అది ఇంకా భారం.

డిస్క్ బాగానే ఉండి, ఊరికే పాత రకం కావడం వల్లే నెమ్మదిగా ఉంటే, అప్పుడు కూడా మందు ఎస్‌ఎస్‌డీయే. లాప్‌టాప్ హార్డ్ డిస్క్ ఉండే చోటనే అదే సైజు, సాటా రకం ఎస్‌ఎస్‌డీ పడుతుంది. షాపులో అడిగేటప్పుడు మీ లాప్‌టాప్ మోడల్ నంబర్ చెప్పండి. కొన్నిటికి సన్నటి పట్టీలా ఉండే ఎం.2 రకం కూడా పెట్టుకోవచ్చు. పాత సిస్టమ్ మీద పెట్టే డబ్బులో ఇంతగా తేడా చూపించేది ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మెమరీ నిండిపోతే

అన్నీ మూసేశాక కూడా మెమరీ 80, 90 శాతం దగ్గర ఉంటే ర్యామ్ తక్కువగా ఉందనో, ఆన్ చేయగానే లేచి కూర్చునే ప్రోగ్రాములు ఎక్కువగా ఉన్నాయనో అర్థం. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ (విండోస్ 10లో స్టార్టప్) తెరవండి. ఇంపాక్ట్ హై అని ఉన్నవాటిలో మీకు పొద్దున్నే అవసరం లేనివాటి మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ కొట్టండి. దానివల్ల ప్రోగ్రాం పోదు, మీరు తెరిచినప్పుడు వస్తుంది. సౌండ్, టచ్‌ప్యాడ్, గ్రాఫిక్స్, విండోస్ సెక్యూరిటీ పేర్లు ఉన్నవాటి జోలికి వెళ్లకండి.

విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ ఉంటే చాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఇన్‌స్టాల్ కావడానికి అది చాలు. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచి పని చేయడానికి 8 జీబీ ఉండాలి.

"పీసీ స్పీడ్ పెంచుతాం" అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు మాత్రం వేయకండి. అవి కూడా స్టార్టప్‌లో కూర్చుని అదే ర్యామ్ తింటాయి.

సి డ్రైవ్ ఎర్రగా కనిపిస్తే

ఖాళీ లేకపోతే విండోస్‌కి ఊపిరాడదు. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ వరసగా తెరవండి. అక్కడ టిక్ ఉన్నవి సాధారణంగా తీసేయొచ్చు. డౌన్‌లోడ్స్ అనే దానికి మాత్రం టిక్ పెట్టకండి. మీ హాల్ టికెట్లు, మార్కుల మెమోలు ఉండేది అందులోనే. ఆ ఫోల్డర్‌ని మీరే తెరిచి, సైజు ప్రకారం వరస పెట్టి, ఒకే ఫైల్ నాలుగుసార్లు దిగినవి ఏరేయండి.

మూలన "వైరస్ వచ్చింది" అని బాక్స్ వస్తుంటే

కుడి పక్క కింద మూలన ఎర్రటి బాక్స్ పదే పదే వస్తుంటే పెద్దవాళ్లు చాలా టెన్షన్ పడతారు. ఒక్కసారి దగ్గరగా చూడండి. చిన్న అక్షరాల్లో ఏదో వెబ్‌సైట్ పేరు ఉంటుంది. అంటే అది చాలావరకు వైరస్ కాదు, ఎప్పుడో ఏదో సైట్‌లో తెలియక అలౌ నొక్కినందుకు వస్తున్న నోటిఫికేషన్. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని పేర్లన్నీ తీసేయండి.

స్క్రీన్ అంతా నిండిపోయి "ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని వస్తే అది కచ్చితంగా మోసం. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి మూసేయండి. అలా పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. ఫోన్ చేయొద్దు, వాళ్లు చెప్పిన యాప్ వేయొద్దు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఏ సైట్ తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తుంటే ముందు కింద మూలన తేదీ చూడండి. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ సైట్లను నమ్మదు. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లిపోతుంది. దానికి కూడా ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లను చూశాను. బ్యాటరీ మారిస్తే సరిపోయేది.

ఇక ఫార్మాట్ తప్పదనుకుంటే

ముందు రీసెట్ దిస్ పీసీ చూడండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ఉంటుంది. కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. ఫైళ్లు ఉంటాయన్నారు కదా అని బ్యాకప్ మానేయకండి.

డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ సంగతి కూడా చూసుకోవాలి. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి అది మనకు తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది. రిపేర్ మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడిగితే అది లేకుండా డిస్క్ తెరుచుకోదు. మామూలుగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

డీటీపీ పనిచేసేవాళ్లు, పెళ్లి కార్డులు, కరపత్రాలు కొట్టేవాళ్లు ఫాంట్లు కూడా కాపీ చేసుకోవాలి. అను లాంటి పాత ఫాంట్లతో కొట్టిన ఫైల్ లోపల ఉండేవి నిజానికి తెలుగు అక్షరాల కోడ్‌లు కావు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి నడిపించిన పద్ధతి అది. ఫార్మాట్ తర్వాత ఆ ఫాంట్ లేకుండా ఫైల్ తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ఫైల్ పాడైందని డిలీట్ చేయకండి. ఫాంట్ వేస్తే మళ్లీ తెలుగు వస్తుంది. విండోస్ తెలుగు ఫాంట్ గౌతమి కనిపించకపోతే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవచ్చు.

పొరపాటున ఫార్మాట్ అయిపోయి ఫైళ్లు పోతే, గుర్తొచ్చిన ఆ నిమిషమే సిస్టమ్ ఆఫ్ చేయండి. హార్డ్ డిస్క్ అయితే, పైన కొత్తవి రాయనంత వరకు కొన్ని దొరికే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ చాలా తక్కువ. మా అక్కవాళ్లు మూడు వారాలు మామూలుగా వాడేశారు. పాప ఫోటోల్లో చివరికి మిగిలినవి చుట్టాల వాట్సాప్‌లలో దొరికిన నలభై మాత్రమే.

ఎస్‌ఎస్‌డీ వేయించినప్పుడు తీసిన పాత డిస్క్‌ని షాపులో వదిలి రాకండి. అందులో మీ బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు ఉంటాయి. ఇంటికి తెచ్చి, కవర్లో చుట్టి, పైన తేదీ రాసి బీరువాలో పెట్టండి. రెండు మూడు నెలల తర్వాత ఏదో ఫైల్ కొత్త దాంట్లో లేదని గుర్తొస్తే, ఒక చిన్న యూఎస్‌బీ కేసులో పెట్టి మళ్లీ చూసుకోవచ్చు.