ఒక్క గీత సిగ్నల్‌తో గోఫర్‌లో ఫైలు వెతికి దించుకోవడం

మా టెక్కలి వైపు గాలివాన మొదలైతే ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీతకి పడిపోతుంది, మామూలు వెబ్ పేజీ తెరిస్తే ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. అలాంటి ఒక సాయంత్రం ఊసుపోక గోఫర్ అనే, ఉత్త అక్షరాలతో నడిచే పాత ఇంటర్నెట్ పద్ధతి పెట్టుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు. మొన్న తమ్ముడు "అదెలా వాడాలన్నయ్యా" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

గోఫర్‌ని 1991లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. బొరియలు తవ్వే గోఫర్ అనే జంతువు ఆ యూనివర్సిటీ టీముల గుర్తు, పేరు అక్కణ్నుంచి వచ్చింది. ఇందులో పేజీలుండవు, మెనూలే. ఒక వరస నొక్కితే ఇంకో మెనూ వస్తుంది, లేదంటే ఫైలు వస్తుంది, అంతే. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయానికి వెళ్లి పాత కథ వెతుక్కున్నవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు, పత్రిక పేరు, సంవత్సరం, నెల అనుకుంటూ ఒక్కో మెట్టూ దిగడమే.

ఫోన్‌లో ఉన్న బ్రౌజర్‌తో మాత్రం కుదరదు. ఫైర్‌ఫాక్స్ 2011లో నాలుగో వెర్షన్‌తో గోఫర్‌ని తీసేసింది, క్రోమ్‌లో అసలు ఎప్పుడూ లేదు. కాబట్టి ఎఫ్-డ్రాయిడ్ అనే ఆండ్రాయిడ్ యాప్‌ల స్టోర్ నుంచి టెర్మక్స్ (ఆదేశాలు టైపు చేసి పని చేయించే యాప్) వేసుకోండి, అందులో 'పికెజి ఇన్‌స్టాల్ లింక్స్' అని కొట్టండి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. లింక్స్ అంటే ఉత్త అక్షరాలే చూపించే బ్రౌజర్, ఎల్-వై-ఎన్-ఎక్స్ అని రాయాలి. ఐ వేసి, చివర కె, ఎస్ పెట్టి రాస్తే అది వేరే బ్రౌజర్, నేను మొదట అదే వేసుకుని తల పట్టుకున్నా.

తర్వాత లింక్స్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి అడ్రస్ ఇవ్వాలి: గోఫర్, కోలన్, రెండు స్లాష్‌లు, గోఫర్ డాట్ ఫ్లడ్‌గ్యాప్ డాట్ కామ్. ఇప్పుడు గోఫర్‌లోకి వచ్చేవాళ్లలో చాలామందికి ఇదే వీధి గుమ్మం. మెనూ మొత్తం ఉత్త అక్షరాలే కాబట్టి ఆ ఒక్క గీత మీదే వచ్చేస్తుంది. ప్రతి వరస ముందూ బ్రాకెట్లో గుర్తు ఉంటుంది: డిఐఆర్ అంటే లోపల ఇంకో మెనూ, ఫైల్ అంటే చదువుకునే టెక్స్ట్, బిన్ అంటే దించుకోవాల్సినది, ప్రశ్నార్థకం అంటే వెతికే చోటు. కింది బాణం, పై బాణం వరసలు మారుస్తాయి, కుడి బాణం లోపలికి, ఎడమ బాణం వెనక్కి. టెర్మక్స్‌లో కీబోర్డు పైనే బాణాలుంటాయి.

తెర వెనక జరిగేది కూడా ఇంతే సాదాగా ఉంటుంది. ఫోన్ ఆ సర్వర్, అంటే ఫైళ్లుండే అవతలి కంప్యూటర్, 70వ పోర్టుకి (గోఫర్ కోసం ఉన్న గుమ్మం నంబరు) వెళ్లి ఒక్క వరస పంపుతుంది, అటునుంచి మెనూ వస్తుంది. ఆ మెనూలో ఒక్కో వరసకీ మొదటి అక్షరం రకం (టెక్స్ట్‌కి 0, మెనూకి 1, వెతుకులాటకి 7), దాన్ని అంటుకునే మనకి కనిపించే పేరు, తర్వాత ట్యాబ్ కొట్టి లోపలి దారి, మళ్లీ ట్యాబ్, సర్వర్ పేరు, మళ్లీ ట్యాబ్, పోర్టు నంబరు. అన్నీ అయ్యాక ఒక వరసలో ఉత్త చుక్క, అంటే అయిపోయిందని. సర్వర్ పేరు వరస వరసకీ వేరే ఉండొచ్చు కాబట్టి మనకి తెలియకుండానే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి గెంతేస్తాం.

ఇక వెతకడం. 1992లో నెవాడా యూనివర్సిటీ, రీనోలో వెరోనికా అనే గోఫర్ వెతుకులాట సాధనాన్ని చేశారు, ఇప్పుడు దాని బదులు ఫ్లడ్‌గ్యాప్‌లో వెరోనికా-2 ఉంది. అది తెరిచి మాట కొట్టి ఎంటర్ నొక్కండి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. అది వెతికేది మెనూల్లోని పేర్లని, ఫైలు లోపలున్న మాటల్ని కాదు. గూగుల్లో అడిగినట్టు పెద్ద వాక్యం కొడితే చేతికి ఏమీ రాదు, ఆ ఫైలు పెట్టినవాడు దానికి ఏం పేరు పెట్టుంటాడో ఆలోచించి ఒకటి రెండు ఇంగ్లీషు మాటలు చాలు. పాత కంప్యూటర్ల సంగతులు, టెక్నికల్ కాగితాలు, జనం సొంతంగా రాసుకునే డైరీలు బాగా దొరుకుతాయి. రేపటి బస్సు టైము కోసమైతే వెళ్లకండి.

కావల్సింది దొరికాక ఆ వరస మీద నిలబడి డి నొక్కండి, డిస్క్‌లో సేవ్ చెయ్యమంటారా అంటుంది, పేరు ఒప్పుకోండి. నేను మొదటిసారి ఇలాగే దించి, ఫోన్ ఫైల్స్‌లో అరగంట వెతికాను, ఎక్కడా లేదు. అది టెర్మక్స్ సొంత గదిలో కూర్చుంది, బయటి యాప్‌లకి ఆ గది కనపడదు! అందుకని ముందే 'టెర్మక్స్-సెటప్-స్టోరేజ్' అని కొట్టి పర్మిషన్ ఇచ్చి, 'సిడి స్టోరేజ్ స్లాష్ డౌన్‌లోడ్స్'తో అక్కడికి వెళ్లి, అప్పుడు లింక్స్ తెరవండి. ఇక ఫైళ్లు మామూలు డౌన్‌లోడ్స్‌లోనే పడతాయి.

నచ్చిన ఫైలు వరస మీద ఈక్వల్ గుర్తు నొక్కితే పూర్తి అడ్రస్ చూపిస్తుంది, పుస్తకంలో రాసి పెట్టుకోండి. చాలా సర్వర్లు ఒక్కొక్క మనిషి ఇంట్లో నడిపేవి, ఇవాళ ఉన్నది వచ్చే నెల ఉండకపోవచ్చు, అందుకే ముఖ్యమైనవి చూసిన రోజే దించేస్తాను. ఇందులో వెళ్లే సమాచారానికి ఏ తాళమూ ఉండదు కాబట్టి పాస్‌వర్డ్ లాంటిది ఎక్కడా కొట్టకండి.

బయటికి రావాలంటే క్యూ. నిజంగానే వెళ్తారా అని అడిగితే వై.